కుందేళ్ల కావలివాని ముక్కోణపు ఇల్లు

ఇంగ్లండులో జమీందారులు తమ తోటల గుమ్మాల వద్ద, వేట అడవుల అంచున కాపలావాళ్లకు చిన్న ఇళ్లు కట్టించి ఇచ్చేవారు. వీటిని లాడ్జీలనేవారు. మన ఊళ్లలో బస దొరికే లాడ్జీలకూ వీటికీ పేరులోనే గాని పొత్తు లేదు. నార్తాంప్టన్‌షైరులోని రష్టన్ గ్రామం దగ్గర ఉన్న లాడ్జీ వీటన్నిటిలోనూ వింత అయినది.

దానిని కట్టించినవాడు సర్ థామస్ ట్రెషాం. ఎలిజబెత్ రాణి కాలంలో ఆ దేశంలో రోమన్ కథోలికునిగా బ్రతకడం నేరంతో సమానం. సర్కారు చర్చికి పోనివారికి 1581 నాటి చట్టం ప్రకారం నెలకు 20 పౌండ్లు జుల్మానా. ట్రెషాం జుల్మానాలు కట్టాడు, చెరసాలలోను గృహనిర్బంధంలోను కలిపి సుమారు 15 ఏండ్లు గడిపాడు, మతం మాత్రం విడువలేదు. చెర అనగానే మనకు రామదాసు జ్ఞాపకం వస్తాడు. ఆయన గుడి కట్టి చెరకు పోయాడు. ఈయన చెర నుండి వచ్చి గుడివంటి ఇల్లు కట్టాడు.

1593లో విడుదలయ్యాక మొదలుపెట్టిన పని 1597 నాటికి ముగిసింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వాన్ని నోట చెప్పకుండా రాతిలో చెప్పించాడు. ఇంటికి గోడలు మూడే. ఒక్కొక్కటి సుమారు 33 అడుగుల పొడవు. అంతస్తులు మూడు, గోడకు మూడు శిఖరాలు, ప్రతి అంతస్తులోను గోడకు మూడేసి కిటికీలు. గోడల పైభాగాన ఒక్కో వైపు ఒక్కో లాటిను వాక్యం, దానికి సరిగా 33 అక్షరాలు. చివరకు పొగగొట్టం కూడ ముక్కోణమే! కిటికీలలో కనబడే మూడాకుల గుర్తు మన మారేడు దళంవలె ఉంటుంది. అది ట్రెషాం వంశపు చిహ్నం. లేతరంగు రాయి ఒక వరుస, ముదురురంగు రాయి ఒక వరుసగా పేర్చిన గోడలు చారల బట్టవలె కనబడతాయి. లోపల పెద్ద గదులు ఆరు మూలలవి. మిగిలిన కోణాలలో ఒకదానిలో మెట్లు తిరుగుతూ పైకి పోతాయి.

తలుపు మీద ముగ్గురి సాక్ష్యాన్ని గురించిన లాటిను మాట చెక్కించాడు. లాటినులో ట్రెస్ అంటే మూడు. భార్య ఆయనను ముద్దుగా పిలిచే పేరు కూడ ట్రెస్సే. కనుక అది దేవుని సాక్ష్యమూ అయింది, ఆయన సాక్ష్యమూ అయింది. అడిగినవారికి మాత్రం ఇది కుందేళ్ల కావలివాని ఇల్లు. అది అబద్ధమూ కాదు. మాంసానికీ చర్మాలకూ కుందేళ్లను పెంచడం ఆ రోజుల్లో మంచి రాబడి.

ట్రెషాం 1605లో కన్నుమూశాడు. ఆ ఏడే పార్లమెంటును మందుగుండుతో పేల్చే కుట్రలో ఇరుక్కున్న కొడుకు ఫ్రాన్సిస్, లండన్ టవరు చెరలో చనిపోయాడు. ఆ కుటుంబపు కాగితాలను ఎవరో గోడలో పెట్టి మూసివేశారు. 1828లో రష్టన్ హాలులో పని జరుగుతుండగా అవి బయటపడ్డాయి. ఈ ముక్కోణపు ఇంటి ఖర్చుల లెక్కలు కూడ వాటిలో ఉన్నవి.