పడటమే తొలి పాఠం

గోవాలో వాస్కో పట్టణాన్ని ఆనుకొని ఉన్న బైనా తీరం. ఏభై ఏళ్ల ఉపాధ్యాయుడొకాయన లైఫ్ జాకెట్, హెల్మెట్ ధరించి నీటిపై బోర్లా తేలుతున్నాడు. పాదాలు ఒక పలకకు బిగించి ఉన్నాయి. పలకనుండి పొడవాటి గొట్టం జెట్ స్కీ వరకూ సాగింది.

ఈ సాధనం ఫ్లైబోర్డు. ఫ్రాన్సుకు చెందిన జెట్ స్కీ పందెగాడు ఫ్రాంకీ జపాటా 2011లో దీనిని రూపొందించాడు. జెట్ స్కీ తోడిన నీరు గొట్టంగుండా వచ్చి, పాదాల కిందనుండి మహావేగంతో చిమ్ముతుంది. ఆ ప్రతిచర్యే మనిషిని పైకెత్తుతుంది. తొలి పాఠంలో ఆ వేగాన్ని అదుపుచేసేది జెట్ స్కీపై కూర్చున్న శిక్షకుడే.

“మోకాళ్లు వంచకండి సార్, దూరంగా చూడండి” అన్నాడతడు హిందీలో.

చిన్ననాడు చెరువులో మునిగి బయటపడిన నాటినుండి ఉపాధ్యాయుడు మోకాటిలోతు దాటి నీటిలో దిగి ఎరుగడు. భయంతో కిందికి చూసినప్పుడల్లా మోకాళ్లు వంగాయి, పలక ఒరిగింది. రెండుమార్లు పడ్డాడు. మూడవమారు పడినప్పుడు గ్రహించాడు: ఈ నీరు తనను మింగడం లేదు, ప్రతిసారీ పైకి తేలుస్తున్నది.

నాలుగవమారు ఆయన చూపు దిగంతాన నిలిచింది. మోకాళ్లు నిటారుగా నిలిచాయి. పలక గజమెత్తు లేచింది. కొన్ని క్షణాలే. ఒడ్డున ఆయన భార్య చప్పట్లు కొట్టడం కూడా మరచిపోయింది.

అంతలోనే మళ్లీ పడ్డాడు, ఈసారి నవ్వుతూ.