శరత్కాలము – గృహిణి యారోగ్యము

వానలు వెనుదిరిగినవి. ఆకాశము తేటపడినది. చెఱువులు నిండినవి. తంగేడును గునుగును విరబూసినవి. ఈ ఋతువు వెన్నెలను మెచ్చని కవి లేడు. అయినను మన పెద్దలకు శరత్తునందు ప్రీతి యెంతయో భయమును అంతయే. వైద్యులకు శరత్తు కన్నతల్లి వంటిదని, అనగా వారిని పోషించునది ఈ కాలమే యని, సంస్కృతమున నొక పాతమాట కలదు. వేదకాలమువారు నిండు నూఱేండ్లు బ్రతుకగోరినప్పుడు నూఱు శరత్తులు చూడవలెనని కోరుకొనిరి. శరత్తును క్షేమముగా దాటినవారు ఏడాదిని దాటినట్లే యని వారి యభిప్రాయమేమో యని నాకు తోచుచుండును.

ఆశ్వయుజ కార్తికములు మన పండుగల మాసములు. బొమ్మల కొలువు, బతుకమ్మ, దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి, కార్తిక సోమవారములు – ఒకటి ముగియకముందే మఱియొకటి వచ్చును. ఇంటిలో ఈ పనుల భారమంతయు చాలవఱకు ఆడువారిపైననే పడును. జ్వరములును సరిగా ఈ దినములనే చూచుకొని వచ్చును. కనుక ఈ కాలమున ఆరోగ్యమును కాపాడుకొను విధమును గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

వాగ్భటుడు అష్టాంగహృదయమున ఋతుచర్యను చెప్పుచు, వానకాలమున దేహమునందు కూడిన పిత్తము శరత్కాలపు ఎండకు ప్రకోపించునని వ్రాసెను. చేదు, తీపి, వగరు రుచులు గల తేలికయైన యాహారమును ఆకలి వేసినప్పుడే తినవలెననియు, కడుపునిండ తినుట, పెరుగు, పగటినిద్ర, ఎండ, మంచు విడువవలెననియు విధించెను. మా యింట ఈ నెలలలో కాకరకాయ, పొట్లకాయ, పెసరకట్టు, ఉసిరిక పచ్చడి తఱచుగా నుండును. మా యత్తగారు ఇందులకు శాస్త్రమేమియు చెప్పరు. పండుగనాడు బూరెలు, గారెలు తిన్నచో మఱునాడు చారును పెసరకట్టును చాలునని మాత్రమందురు. త్రాగునీరు కాచి చల్లార్చుటయు వారి నియమమే. ఈ నియమములవలన కడుపునకు సంబంధించిన బాధలు మా యింట చాలవఱకు తక్కువ.

అయితే ఆహారనియమ మొక్కటియే చాలదు. పూర్వులు ఎండను, మంచును గుర్తించిరి. వారికి తెలియని శత్రువొకటి కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టెను. ఆ పరిశోధనకే ఆయనకు 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. చలిజ్వరము చెడుగాలివలన వచ్చునను నమ్మకము అంతటితో పోయినది. జ్వరమునకు మూలము గాలిలో లేదు, నిలిచిన నీటిలో కలదు అని లోకమునకు తెలిసినది మన తెలుగునాటనే.

ఇప్పుడు ఈ ఋతువులో మనల నెక్కువగా బాధించు డెంగీ జ్వరమును తెచ్చు దోమ వేఱు. దాని దేహము నల్లన. కాళ్లపై తెల్లని పట్టెలుండును. అది పగటివేళ, ముఖ్యముగా ఉదయమునను, ప్రొద్దుగ్రుంకుటకు ముందును కుట్టును. మురుగునీటికంటె తేటనీటినే అది కోరును. వీధికాలువలో మందు చల్లిరి గదా యని మనము నిశ్చింతగా నుండగా, అది మన స్నానపుగదిలోని తొట్టిలోనే గ్రుడ్లు పెట్టుచుండును. ఆ గ్రుడ్డు దోమయై యెగురుటకు వారము పదిదినములు చాలును. అనగా వారమున కొకమాఱు ఇంటిలోని నిలువనీటిని తీసివేసినచో అది దోమగా మాఱకముందే నశించును.

ఆ నీరు ఎక్కడెక్కడ దాగియుండునో ఇంటివారికి తెలిసినట్లు పైవారికి తెలియదు. ఫ్రిజ్జు వెనుకనుండు పళ్లెము, ఎయిర్ కూలరు, పూలకుండీల క్రింది మూకుళ్లు, తీగ పెంచు గాజుసీసా, మిద్దెపై మూత సరిగాలేని ట్యాంకు, మూలనున్న పాత టైరు – ఇవన్నియు దానికి పురుటిండ్లే. పండుగల తరువాత ఇంకను రెండు చేరును. దీపావళినాడు గోడమీద పెట్టి మఱచిన ప్రమిదలు, పెరటిలో పాఱవేసిన కొబ్బరిచిప్పలు. ఈ మాసములలో బంగాళాఖాతమున వాయుగుండము పుట్టి ఒక్క రాత్రి వాన కురిసినచో అవి నిండిపోవును. నీరు పాఱబోసినంతమాత్రమున పని తీరదు. దాని గ్రుడ్లు పాత్ర లోపలి గోడకు, నీటిమట్టమునకు కొంచెము పైగా అంటుకొని, తడి లేకున్నను నెలల తరబడి చెడక యుండగలవు. కనుక పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి, మరల నింపి మూత పెట్టవలయును. శుక్రవారము మనము గడపలు కడిగి పసుపు రాయు దినము. ఆరోగ్యశాఖవారును పాత్రలు ఆరబెట్టుటకు శుక్రవారమునే నిర్ణయించి ప్రకటించియున్నారు. గడపతోపాటు తొట్టియును కడిగినచో రెండు పనులు నొక్కనాడే తీరును. ఇది ఆడువారి పనియే కానక్కఱలేదు. మా యింట మిద్దెపై ట్యాంకును మఱదిగారు చూతురు. ప్రమిదలు, చిప్పలు ఏఱుట పిల్లల వంతు.

ఇంతవఱకు చెప్పినది రాకుండ చేసికొను జాగ్రత్త. వచ్చిన తరువాత సంగతి యొకటి కలదు. దానిని చెప్పుటకే నేను ముఖ్యముగా కలము పట్టితిని.

మూడేండ్ల క్రిందట దసరా దినములలో మా తోడికోడలికి జ్వరము వచ్చినది. ఒడలినొప్పులు, కనుగ్రుడ్ల వెనుక నొప్పి. పరీక్ష చేయింపగా డెంగీ యని తేలినది. అంతకు పదిదినముల ముందు పిల్లవానికి జ్వరము వచ్చినప్పుడు ఆమె గడియారము చూచి జ్వరము కొలిచి కాగితముపై వ్రాసినది. తన జ్వరమును మాత్రము నుదురు తాకి చూచుకొని సరిపెట్టుకొనెడిది. అయిదవనాటి ఉదయమున ఒడలు చల్లబడినది. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. ఆమెయు లేచి తలదువ్వుకొని, నైవేద్యమునకు పులిహోర కలుపుదునని వంటయింటికి వచ్చినది. మా యత్తగారొక్కరే ఆమె ముఖమును తేఱిపాఱ జూచిరి. ఆమె రెండుమాఱులు పీటపై కూలబడినది, కడుపునొప్పి యన్నది, రెండుమాఱులు వాంతి చేసికొన్నది, చేతులు మంచువలె నుండెను. “జ్వరము తగ్గిన మనిషికి ఆకలి వేయవలె గాని ఇట్లు సోలిపోదు, బండి పిలువుడు” అని మా యత్తగారు కేకవేసిరి.

ఆసుపత్రిలో వైద్యురాలు చెప్పిన మాట నేను నేటికిని పదిమందికి చెప్పుచుందును. డెంగీలో ప్రమాదము జ్వరము తీవ్రముగా నున్నప్పటికంటె అది దిగునప్పుడే యెక్కువట. మూడవదినము మొదలు ఏడవదినమువఱకు, జ్వరము తగ్గుచున్న సమయమున, కొందఱిలో రక్తనాళములనుండి ద్రవము బయటికి కాఱి రక్తపుపోటు పడిపోవును. ఆమెకు సెలైను ఎక్కించి రెండునాళ్లు కనిపెట్టి చూచిరి. నాలుగవనాడు క్షేమముగా ఇంటికి వచ్చినది. మఱి కొన్నిగంటలు ఆలస్యమైనచో చెప్పలేకపోయెడివారమని వైద్యురాలనెను.

కాబట్టి సోదరులారా, సోదరీమణులారా, ఈ గుర్తులను కంఠస్థము చేయుడు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండిగాని ముక్కునుండిగాని రక్తము, నల్లని విరేచనము, చేతులు కాళ్లు చల్లబడుట, మత్తు లేక మిక్కిలి యలజడి, ఆరుగంటలైనను మూత్రము రాకుండుట – వీనిలో ఏ యొక్కటి కనబడినను తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి పోవలయును. జ్వరమునకు పారాసిటమాల్ మాత్రమే, అదియు వైద్యులు చెప్పిన మోతాదున వాడవలయును. ఆస్పిరిను, ఐబుప్రొఫెను రక్తస్రావమును హెచ్చించును గనుక వానిని ముట్టరాదు. గంజి, పలుచని మజ్జిగ, కొబ్బరినీరు, ఓ.ఆర్.ఎస్. నీరు కొంచెము కొంచెముగా మాటిమాటికి త్రాగించుచుండవలయును. ఇరుగుపొరుగువారు చెప్పు ఆకురసములను నమ్మి కాలహరణము చేయరాదు. జ్వరము దిగిన తరువాత రెండుదినములవఱకు రోగి మంచము దిగి పనికి పోరాదు.

ఇక కార్తికము. తెల్లవాఱకముందు చన్నీటి స్నానము, పగలంతయు ఉపవాసము, నక్షత్రములు చూచి భోజనము – ఆరోగ్యవంతులకు ఇందు బాధ లేకపోవచ్చును. కాని జ్వరపడి లేచినవారు, గర్భిణులు, బాలెంతలు, మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు పట్టుదలకు పోరాదు. అశక్తులకు మన ధర్మశాస్త్రములే మినహాయింపు నిచ్చినవి. గోరువెచ్చని నీటితో స్నానము చేసి, తల తడి యారనిచ్చి, పాలు పండ్లు పుచ్చుకొని దీపము పెట్టినను దీపము దీపమే.

ఇల్లాండ్రకు ఒక యలవాటు కలదు. ఎవరికి బాగులేకున్నను రాత్రులు మేలుకొందురు; తమకు బాగులేనప్పుడు ‘ఏమియు లేదు’ అందురు. ఓర్పు మంచి గుణమే కాని జ్వరమునకు దానితో పనిలేదు. ఇప్పుడు మా వంటయింటి గోడకు జ్వరము కొలుచు పరికరమును ఒక కాగితమును వ్రేలాడుచున్నవి. దానిపై పిల్లల పేర్లతోపాటు మా యత్తగారి పేరు, తోడికోడలి పేరు, నా పేరును కలవు. జ్వరపడిన వారి పేరునకెదురుగా దినమునకు నాలుగు మాఱులు వ్రాయుట ఆ యింట వారిలో ఎవరో యొకరి విధి. జ్వరపడినది ఇల్లాలైనచో ఆమె తప్ప మిగిలిన వారి విధి.