నష్టం చెప్పిన అక్క

అనుభవం ఉన్నవారిని పిలిచి నాలుగు మాటలు చెప్పించడం సులువే. వారు నోరు విప్పి తమ నష్టాన్ని చెప్పేలా చేయడమే కష్టం. మా పాకాలలో కొన్ని సంవత్సరాలుగా పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లను ఒకచోట కూర్చోబెడుతున్న నాకు ఈ సంగతి బాగా తెలిసివచ్చింది.

ప్రియమైన పాఠకులారా, ఇవి ఆరాధన కూటాలు కావు. చర్చి ఆవరణలో వేపచెట్టు నీడ, నాలుగు చాపలు, ఒక బిందెడు నీళ్లు, మేము ఇచ్చేది ఇంతే. అన్ని మతాలవారూ వస్తారు. చింతపండో, విస్తరాకులో, పాడో, ఏదో ఒక పని పెట్టి తమతోపాటు పదిమంది ఆడవాళ్లకు కూలి దొరికేలా చేసినవారు కొందరు. అలాంటిదే మొదలుపెట్టాలని ఆశ ఉండి, ఆశతోపాటు భయమూ ఉన్నవారు మరికొందరు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మన తెలుగు ఆడపడుచులే దేశానికి నేర్పారు. 1995 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పొదుపు సంఘాల పని సాగింది. ఓర్వకల్లు పేరు అప్పుడే నలుగురి నోట పడింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడి, ‘వెలుగు’ పథకం మొదట ఆరు జిల్లాల్లో ప్రారంభమైంది. వాటిలో మన చిత్తూరు ఒకటి. ఆ పనిలోనుంచే సి.ఆర్.పి. అక్కలు వచ్చారు. వీరు ఆఫీసు ఉద్యోగులు కారు. సంఘంలో చేరి తమ కుటుంబాన్ని నిలబెట్టుకున్న పేద స్త్రీలు. కొత్త ఊరికి వెళ్లి పదిహేను రోజులు అక్కడే ఉండి, ముందు తమ బ్రతుకు కథ చెబుతారు. ఆ తరువాత పంచసూత్రాలు నేర్పుతారు: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, సంఘంలోనే అప్పు ఇచ్చిపుచ్చుకోవడం, గడువుకు తిరిగి చెల్లించడం, పుస్తకాలు సరిగా రాయడం. 2006లో బీహారులో ‘జీవిక’ మొదలైన తరువాత మన అక్కలు అక్కడికీ వెళ్లారు. భాష వేరు, తిండి వేరు. అయినా ఒక పేదరాలి మాట మరొక పేదరాలికి అర్థమైంది.

అయితే పొదుపు ఒకటి, వ్యాపారం మరొకటి. వ్యాపారంలో నియమాలన్నీ పాటించినా నష్టం రావచ్చు. ఆ నష్టం ఒక్క ఇంటితో ఆగదు.

మొన్న చింతకాయల కాలంలో పక్క పల్లెనుంచి ఐదుగురు యువతులు వచ్చారు. బ్యాంకులో పెద్ద అప్పు తీసుకొని, ఊరి చెట్ల కాయంతా కొని, ఇరవై మంది ఆడవాళ్లకు వొలుపు పని ఇవ్వాలని వారి ఆలోచన. వారికోసం ఈ పనిలో పండిపోయిన ఒక అక్కను పిలిచాను. ఆమె మొదట సభలో మాట్లాడినట్టే మాట్లాడింది. లాభాలు చెప్పింది, సన్మానాలు చెప్పింది. యువతులు తలలూపుతూ విన్నారు. ఒక్కరూ ప్రశ్న వేయలేదు.

అప్పుడు నేను, “అక్కా, నీ లెక్కల పుస్తకంలో నువ్వు తెరవడానికి ఇష్టపడని సంవత్సరం ఏది?” అని అడిగాను.

ఆమె చాలాసేపు కొంగు అంచు చూసుకుంటూ కూర్చుంది. తరువాత మెల్లగా అంది: “ఆ యేడు తడి కాయ తూకానికి కొన్న్యాం అయ్యగారూ. ఎండబెడితే తూకం పడిపోయింది. మిగిలిందాన్ని వానలదాకా ఇంట్లోనే పెడితే నల్లబడిపాయ. నల్ల పండు ఎవురు కొంటారు? వొలిచినోళ్లకు కూలి ఇచ్చేదానికి నా కమ్మలు కుదవ పెట్టినా. ఈ మాట మా ఇంట్లో గూడా సగమే తెలుసు.”

ఆ క్షణంనుంచి ప్రశ్నలు మారాయి. అంతవరకు ‘ఎంత మిగులుతుంది’ అన్నవారు, ‘తడి ఎట్లా కనిపెట్టాలక్కా’ అని దగ్గరకు జరిగారు. ఆమె ఒక కాయ తీసుకొని గోటితో తట్టి చూపింది. ఎండిన కాయలో పండు పెంకునుంచి విడిపోయి డొల్లగా మోగుతుంది. పండు రంగు నిలవాలంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టాలని, దాని అద్దె ముందే లెక్కలో రాసుకోవాలని చెప్పింది. ఏ సభలోనూ చెప్పని పాఠం అది.

మన రాష్ట్రంలో 2010లో సూక్ష్మరుణాల ఒత్తిడికి ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో మరచిపోలేదు కదా. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. కనుక అప్పు మాట వచ్చినచోట ధైర్యం చెప్పడమొక్కటే ప్రేమ కాదు.

ఆ ఐదుగురూ చివరకు చిన్న అప్పే తీసుకున్నారు. కొన్ని చెట్ల కాయే కొన్నారు. పని దొరికింది ఎనిమిది మందికి. పని దొరకనివారిలో ఒకామె నా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, ఆ యమ్మ కథ చెప్పకపోయింటే మాకూ కూలి దొరికేది కదా” అంది. ఆమెకు వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఆమె ఇంటి పొయ్యి సంగతి నాకు తెలుసు. ఆ మాట ఇప్పటికీ నా మనసులో ఉంది. అయితే ఇరవై మంది ఒకేసారి కూలి రాక చేతులు చాచే రోజును కూడా నేను ఊహించగలను.

ఇప్పుడు మా కూటానికి మూడు కట్టుబాట్లున్నాయి. కొత్తవారి ప్రశ్న తరువాతే పెద్దవారి మాట. పెద్దవారు లెక్కల పుస్తకంతోనే రావాలి. ఇక్కడ విన్న నష్టం వీధిలో మాట్లాడరాదు. ఈ మూడవది నిలబడకపోతే మొదటి రెండూ నిలబడవు. ఎగతాళికి భయపడేవారు నిజం చెప్పరు.

ప్రియులారా, మీ ఊరిలోనూ, మీ బంధువులలోనూ ఏదో ఒక పని నిలబెట్టినవారు తప్పక ఉంటారు. వారి గెలుపు అందరికీ తెలుసు. మీ ఇంటి పిల్లలు కొత్త పనికి పూనుకునేటప్పుడు వారిని వెంటబెట్టుకొని ఆ పెద్దవారి దగ్గరకు వెళ్లండి. గెలిచిన సంగతి తరువాత అడగవచ్చు. పోగొట్టుకున్న సంవత్సరం గురించి ముందు, గౌరవంగా అడగండి. వారు చెప్పేవరకు ఓపికగా కూర్చోండి.