ఫార్న్ దీవుల సీలుతల్లులు

సముద్రమనిన మాకు చిన్ననాటినుండియు భయము. గోదావరిగట్టున పుట్టి పెరిగినను నీరు మోకాలు దాటినచో మా గుండె దడదడలాడును. అట్టి మేము ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున, చలిగాలి కోయుచుండగా, పండ్రెండుగురు మాత్రమే పట్టు చిన్నపడవలో ఉత్తరసముద్రముమీద రెండుగంటలు గడపితిమనిన మా యూరివారు నేటికిని నమ్మరు. ఆనాడు చూచినది వట్టి వింత యైనచో మాలోనే యుంచుకొని యుందుము. కాని యది మా యింటి విషయము నొకదానిని తేల్చినది గావున మీతో చెప్పుకొనవలెనని తోచినది.

2024వ సంవత్సరమున మా చెల్లెలి పురుటికై న్యూకాసిల్ నగరమునకు వెళ్ళితిమి. మా తల్లి స్వర్గస్థురాలై చాలకాలమైనది. చెల్లెలికి మేమే తల్లి. మా వారు ఉపాధ్యాయులు. దీపావళి యైన పిమ్మట సెలవు పెట్టి వచ్చి మమ్ము కలిసికొనిరి. పదియేండ్ల మా అమ్మాయి నాయనమ్మ దగ్గఱ నుండెను. మా వారు వచ్చుచు మాకొక కాగితము తెచ్చిరి. మా యూరి బడి యైదవ తరగతితో సరి. పట్టణమందలి యొక వసతిపాఠశాలవారు పరీక్ష పెట్టి, మరుసటి యేడు ఆఱవ తరగతిలో మా అమ్మాయికి చోటిచ్చిరి. తల్లిదండ్రులిరువురును చేవ్రాలు చేసి నవంబరు నెలాఖరులోగా పంపవలెను. మా వారి చేవ్రాలు అప్పటికే యుండెను. “నీ చేవ్రాలు నీ యిష్టము. నేను బలవంతపెట్టను” అనిరి. బలవంతపెట్టినచో పోట్లాడి యుందుము. పెట్టలేదు గావున ఏమి చేయుటకును తోచక ఆ కాగితమును మడచి చేతిసంచి యడుగున దాచితిమి. దానిమాట మఱల నెత్తిన వారు లేరు.

ఒక శనివారమున మా మఱదిగారు “వదినగారూ, ఎంతసేపు కాయము వండుచు, పాపకు నూనె రాయుచు నింటనే యుందురు? సముద్రము చూచి వత్తము రండు” అని బయలుదేరదీసిరి. చెల్లెలును “పోయిరా అక్కా” అని తఱిమెను. చీరమీద చెల్లెలి ఉన్నికోటు, కాళ్లకు మా వారి మేజోళ్లు, తలకు శాలువ. ఆ వేషముతో సీహౌసెస్ అను చిన్న రేవు చేరి పడవ యెక్కితిమి. నీటి చల్లదనము 11, 12 డిగ్రీలని పడవవాడు చెప్పెను. మా యింటి కుండలోని నీరే అంతకంటె వెచ్చన!

ఆ రేవునకు రెండున్నర మొదలు ఏడున్నర కిలోమీటర్ల దూరములో ఫార్న్ దీవులున్నవి. నల్లని అగ్నిశిలల గుట్టలు. సముద్రము పొంగినపుడు కొన్ని మునిగి, తీసినపుడు మఱల తేలును గావున వాని లెక్క పూటపూటకు మారును. 1925 నుండి నేషనల్ ట్రస్టు అను సంస్థ వానిని కాపాడుచున్నది. వేసవిలో పఫిన్లు మొదలగు పక్షులు లక్షకు పైగా నచట గూళ్లు పెట్టునట. మేము పోవునప్పటికి అవి యన్నియు వెడలిపోయినవి. నీటికాకులును, ఐడర్ బాతులును మాత్రము మిగిలియుండెను. ఐడర్ తల్లి తన ఱొమ్ముమీది మెత్తని యీకలు తానే పీకి గూటిలో పఱచి గ్రుడ్లను వెచ్చగా నుంచును. 676వ సంవత్సరమున నిచటి యొక దీవిలో తపస్సునకు వచ్చిన కత్‌బర్ట్ అను సన్న్యాసి యీ బాతులకు అభయమిచ్చెనని ప్రతీతి. ఇప్పటికిని ఆ ప్రాంతమువారు వానిని ఆయన ముద్దుపేరిట ‘కడ్డీ బాతులు’ అని పిలుతురు. ముని యాశ్రమమున మృగపక్షులు నిర్భయముగా దిరుగుట మన కథలలో మాత్రమే యనుకొంటిమి. కడలి నడుమను గలదన్నమాట.

రేవు దాటగానే అలలు పడవను చేటలోని బియ్యమువలె నెగురవేయసాగెను. మేము కన్నులు మూసికొని మా వారి చేయి గట్టిగా బట్టుకొంటిమి. ఎంతసేపటికో యంత్రపు చప్పుడు తగ్గెను. “కన్నులు తెఱువుము” అని మా వారు మెల్లగా ననిరి. తెఱచి చూతుము గదా, పడవ చుట్టును నీటిపై తలలు! మా యూరి చెరువులో మధ్యాహ్నపువేళ ఎనుములు మునిగి తలలు మాత్రము పైకెత్తియుండునట్లు, ఇరువది ముప్పది తలలు తడితడిగా మెఱయుచు మావంకే చూచుచున్నవి. గుండ్రని నల్లని కన్నులు. పొడవాటి మూతి, పిల్లిమీసములు. ఒకటి మాకు మూరెడు దూరమున లేచి, ముక్కుపుటములు విప్పి బుస్సున నూపిరి విడిచి, మా శాలువను పరీక్షించి, చప్పుడు లేక మునిగిపోయెను. ఆ క్షణమున మా భయ మెటు పోయెనో మేమెఱుగము.

ఇవి బూడిదవన్నె సీళ్లు. మా తాతగారు మాకు బాల్యముననే అమరము వల్లె వేయించిరి. వారివర్గములోని జలజంతువుల పేళ్లన్నియు జ్ఞప్తికి దెచ్చుకొంటిమి. శిశుమారము వచ్చెను, ఉద్రము వచ్చెను, మకరము, తిమింగిలము వచ్చెను. దీనికి మాత్రము పేరు దొరకలేదు. మన సముద్రములలో లేని జంతువునకు అమరసింహుడు మాత్రమెక్కడి పేరు తెచ్చును? శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరునకు ‘కొంకిముక్కు కడలిపంది’ అని యర్థమట. అంత చక్కని కన్నులుగల దానికి అంత మోటు పేరా యని జాలిపడితిమి. ప్రపంచమందలి బూడిదవన్నె సీళ్లలో మూడవవంతునకు పైగా బ్రిటను తీరములనే యున్నవి. ఒకప్పుడు జనులు నూనెకును చర్మమునకును చంపగా చంపగా మిక్కిలి తగ్గిపోయినవి. 1914లో పార్లమెంటువారు ఈనికకాలమున వీనిని చంపరాదని చట్టము చేసిరి. పిదప సంతతి పెరిగెను. చేపలు తినివేయుచున్నవను ఫిర్యాదుపైన 1960లలోను 1970లలోను ఈ దీవులలోనే మఱల కొన్నిటిని చంపించిరి. ఇప్పుడు లెక్కించి కాపాడుచున్నారు. మనుష్యుల ధర్మము ఇట్లు అటునిటు నూగుచునే యుండును గాబోలు.

పడవ యొక దీవి ప్రక్కకు చేరెను. ఱాళ్లపై తల్లులు పండుకొనియుండెను. వాని ప్రక్కన తెల్లని యున్నిబొచ్చుతో పిల్లలు. గాలిలో నొక మూలుగు తేలివచ్చుచుండెను. దూరపు టింటిలో నెవరో స్త్రీలు రాగము తీసి యేడ్చుచున్నట్లుండెను. ఒక తల్లి అప్పుడే యీనినది కాబోలు, పిల్లబొచ్చు ఇంకను తడిసి పసుపుపచ్చగా నున్నది. తల్లి దాని మూతిని మూతితో తాకి వాసన చూచుచుండెను. వందల పిల్లలలో తన పిల్లను వాసనచేతను, కూతచేతను గుర్తించునట. పురిటియింటినుండి వచ్చిన మాకు అది చూడగా కన్నులు చెమర్చినవి. “ఇంకను కొంచెము దగ్గఱకు పోనిమ్మనుడు” అని మఱదిగారిని వేడుకొంటిమి. పడవవాడు తల యడ్డముగా ద్రిప్పెను. మనము దగ్గఱకు పోయిన తల్లులు బెదరి యొక్కమాటుగా నీటిలోనికి దూకును. ఆ తొక్కిడిలో పిల్లలు నలిగిపోవచ్చును. వేరైన తల్లి తిరిగి పిల్లను చేరకపోవచ్చును. ఇదియే యతని సమాధానము. ముద్దుచే దగ్గఱకు పోవుటయు కీడగునని మాకు నచట తెలిసినది.

సీలుతల్లి సంగతి వినుడు. పుట్టిన పిల్ల సుమారు 14 కిలోలుండును. తల్లి పాలలో సగమునకు పైగా వెన్నయే. మన ఆవుపాలలో నూటికి నాలుగు పాళ్లే గదా! ఆ పాలు త్రాగి పిల్ల దినమునకు రెండు కిలోల చొప్పున బలియును. పాలిచ్చినన్నాళ్లును తల్లి యేమియు తినదు. తన దేహములోని క్రొవ్వునే కరగించి పిల్లకు పోసి, తాను మూడవవంతునకు అటునిటుగా చిక్కిపోవును. ఇట్లు సుమారు 18 దినములు. పందొమ్మిదవనాడో ఇరువదవనాడో సముద్రములోనికి వెడలిపోవును. మఱల రాదు.

పడవవాడు చేయి చాచి యొక పిల్లను చూపెను. అది బూరెవలె పొంగియున్నది. తెల్లబొచ్చు సగమూడి, క్రింద బూడిదవన్నె నున్నని చర్మము కనబడుచున్నది. ప్రక్కన తల్లి లేదు. సముద్రమువైపు మొగము పెట్టి, పసిబిడ్డవలె కూత పెట్టుచున్నది. “దీని తల్లి యేది?” అని యడుగ, “వెళ్ళిపోయినది. ఇక నిదియే యొంటరిగా నుండును. కొన్ని వారములు తన క్రొవ్వుతోనే బ్రదుకును. ఆకలి మించినపుడు నీటిలో దిగును. ఈతయు వేటయు తానే నేర్చుకొనును” అనెను. “నేర్చుకొనలేనిచో?” అంటిమి. మఱదిగారు ఆ ప్రశ్నను ఇంగ్లీషులో నడిగిరి. అతడు భుజము లెగురవేసి, “చాల పిల్లలు మొదటి యేడు దాటవు” అనెను.

మాకు గొంతు పట్టుకొనెను. చిన్ననాడు తాతగారు శాకుంతలోపాఖ్యానము చెప్పినపుడు, కన్నబిడ్డను మాలినీతీరమున విడిచిపోయిన మేనకను మేము నోరార తిట్టితిమి. పక్షులు చుట్టును మూగి కాపాడకున్న ఆ బిడ్డ గతి యేమి? ఇచట ఱాతిరాతికి నొక మేనక. చేతిసంచి యడుగున కాగితము బరువెక్కినట్లయ్యెను. “మేమును మేనకవలె కావలెనా?” అని మా వారితో పైకే యనివేసితిమి. వారు కొంతసేపు మాటాడక, “అది 18 దినములు, మనకు పదియేండ్లు దొరకినవి” అని మాత్రమనిరి. ఆ మాట మాకు నచ్చలేదు. ఉపాధ్యాయులు లెక్కలు చెప్పుట సులభమని మనసులో ననుకొంటిమి.

తిరుగుదారిలో లాంగ్‌స్టోన్ దీపస్తంభము ప్రక్కగా పోయితిమి. ఎఱ్ఱని స్తంభము, నడుమ తెల్లని పట్టె. 1838 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవాఱుజామున ‘ఫోర్ఫార్‌షైర్’ అను పొగయోడ యిచటి బండకు తగిలి రెండు తునకలయ్యెను. దీపస్తంభపు కావలివాని కూతురు గ్రేస్ డార్లింగ్, ఇరువదిరెండేండ్లది, కిటికీనుండి దానిని చూచి తండ్రిని లేపెను. తండ్రియు కూతురును చిన్న తెడ్ల పడవలో ఆ తుపానులోనికి పోయిరి. బండపై తొమ్మండుగురు మిగిలియుండిరి. అందొక తల్లి, ఆమె చేతులలోనే యిద్దఱు బిడ్డలును రాత్రి చనిపోయియుండిరి. తండ్రి బండమీదికి దూకగా గ్రేస్ యొంటరిగా పడవను ఱాళ్లకు తగులకుండ నిలిపెను. రెండుమార్లు పడవ నడిపి అందఱను ఒడ్డు చేర్చిరి. దేశమంతయు ఆమెను కీర్తించెను. నాలుగేండ్లకే, 1842లో, క్షయవ్యాధిచే నామె మరణించెను.

ఈ కథను మఱదిగారు చెప్పుచుండ మా మనసు మఱొకచోట ఆగిపోయెను. ఆ తెల్లవాఱుజామున పడవను నీటిలోనికి త్రోయుటకు గ్రేస్ తల్లి థామసిన్ కూడ చేయి వేసెనట! భర్తను, కూతురును ఆ యలలలోనికి తన చేతులతో త్రోసి, వారు మరలివచ్చువఱకు ఒడ్డున నిలిచిన ఆ యిల్లాలిని గూర్చి యెవరు పాట కట్టుదురు? ఆమె మేనక కాదు, సీలుతల్లియు కాదు. విడిచిపోయినది తాను కాదు. పంపి, యున్నచోటనే యుండినది. మేము పడవ దిగువఱకు ఆమెనే తలచుచుంటిమి.

మఱునాడు ప్రొద్దున అమ్మాయితో ఫోనులో మాటాడితిమి. సీలుపిల్ల కథ విని, “అమ్మా, దానికి ఈత ఎవరు నేర్పుతారు?” అనెను. “ఎవరును నేర్పరమ్మా” అంటిమి. “పాపము! నాకు నాన్నగారు చెరువులో నేర్పినారు గదా” అనెను. పిదప స్వరము తగ్గించి, “ఆ బడి కాగితము నాన్నగారు నీకిచ్చినారా?” అని యడిగెను. దానికంతయు తెలియును! నెలదినములుగా మమ్ము నొప్పింపరాదని యది యడుగక, దానిని నొప్పింపరాదని మేము చెప్పక, ఇరువురము దాగుడుమూత లాడుచుంటిమి. “నీకు పోవలెననియున్నదా?” అంటిమి. కొంచెమాగి, “ఉన్నది. భయముగా కూడ ఉన్నది” అనెను. మాకును అంతియే. ఫోను పెట్టి, సంచి యడుగునుండి కాగితము తీసి, చెల్లెలి వంటబల్లమీద చేవ్రాలు చేసితిమి.

2025 జూన్ నెలలో అమ్మాయిని పెట్టె బేడలతో ఆ బడిలో దింపి వచ్చితిమి. సీలుతల్లివలె వెనుదిరిగి చూడకుండ మేము రాలేదు. వీథిమలుపువఱకు పదిసార్లు చూచితిమి. నెలకొక యాదివారము పోయి చూచుచున్నాము, సున్నియుండలు మోసికొనిపోవుచున్నాము. అది సరియైన పనియో కాదో కాలమే చెప్పవలెను. మొదటి వారమంతయు రాత్రులు మాకు నిద్ర పట్టలేదు. అమ్మాయి మాత్రము మొదటి రాత్రియే యొడలెఱుగక నిద్రపోయినదట.