సత్తు మీద సోకు

ఏటండీ, మీ వరండాలో ఆ సైకిలు నిన్నటి నుంచి తలకిందులుగానే ఉందేం? గోడ మీంచి అన్నీ చూస్తున్నాను లెండి. సీటు కింది రాడ్డు కొన్నప్పుడు నిగనిగలాడే వంకాయ రంగు కదా. ఇప్పుడు ఉడికిన వంకాయ తొక్కలా తయారైంది. పెద్ద జాలరిపేట ఎండకి, ఉప్పుగాలికి అంతేనండీ. బెంగ దేనికి? మిగిలిన రంగు కూడా ఊడబీకేద్దాం!

అది పెయింటు అనుకునేరు. కాదు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పంపితే రాడ్డులోని అల్యూమినియమే పెంచుకున్న తొక్క, దానికి అద్దిన రంగు. అనోడైజింగ్ అంటారు. మందం వెంట్రుకలో సగం కూడా ఉండదు గానీ, మహా మొండిది! అల్యూమినియం ఆక్సైడ్ మరి. ఎమరీ పేపరులో గరుకూ అదే సరుకు. ఒట్టి పేపరుతో రుద్దితే చెయ్యి పడిపోతుంది.

దీనికి మందు కాస్టిక్ సోడా. ఒడిశా దామంజోడిలో నాల్కో కంపెనీ వాళ్ళు బాక్సైట్ రాయిలోంచి అల్యూమినా, అంటే ఈ ఆక్సైడే, లాగేదీ కాస్టిక్‌తోనే. అక్కడికి వెళ్ళే కాస్టిక్ మన విశాఖ పోర్టులో దిగుతుంది, అక్కణ్ణుంచి వచ్చే అల్యూమినా మన పోర్టులోనే ఓడెక్కుతుంది. వాళ్ళు టన్నుల్లో చేసే పని మనం బకెట్లో చేస్తాం, అంతే.

అయ్యో, ఆ సత్తు గిన్నె ఎందుకు తెచ్చారు? కాస్టిక్ గిన్నెనే తినేస్తుంది! ప్లాస్టిక్ బకెట్ పట్రండి. ముందు నీళ్ళు, తరవాత కాస్టిక్, కొంచెం కొంచెంగా. తిరగేశారో, మొహాన చిమ్ముతుంది. చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు. పిల్లలు ఇంట్లోకి. బుడగలొచ్చేది హైడ్రోజన్, కాబట్టి గోడ వార బీడీ కాలుస్తున్న మావయ్యగారు అవతలి వీధికి!

ఇక రాడ్డు విప్పి బకెట్లో ముంచండి. చూశారా, వంకాయ రంగు ఎలా జారిపోతోందో! బుడగలు జోరెత్తాయంటే లోహాన్నే కొరుకుతోందని. తీసెయ్యండి, గబగబా కడగండి. కాటుక పూసినట్టు నల్లబడిందని కంగారుపడకండి. లోహంలో కలిపిన రాగీ గీగీ కరక్క మిగిలిన మసి అది. తుడిస్తే పోతుంది.

ఇక అసలు సంబరం. వాటర్ పేపరు నాలుగొందలు, ఆరొందలు, వెయ్యి, రెండువేలు. నీళ్ళు చల్లుకుంటూ ఒకసారి నిలువుగా, పేపరు మార్చాక అడ్డంగా. పాత గీతలు మాయమయ్యేదాకా కొత్త పేపరు ముట్టుకోకండి, తొందరేం లేదు. వేళ్ళ సందుల్లోంచి బూడిద రంగు నీళ్ళు కారుతుంటాయి. గరగర మెల్లగా సుయ్‌మంటుంది. ఆ చప్పుడు వినడానికే నేను ఇంకో అరగంట రుద్దుతాను.

చివరికి పాత పంచె ముక్క మీద చుక్క బ్రాసో. గుడ్డ ఎంత నల్లబడితే రాడ్డు అంత తెల్లబడుతుంది. అదిగో, మీ ముక్కు! మీ వెనక కొబ్బరిచెట్టు! సన్నగా సాగి, రాడ్డు పొడుగునా ఊగుతోంది చూడండి.

తొక్క పోయింది కనక ఈ గాలికి మళ్ళీ మబ్బేస్తుంది, నిజమే. మబ్బేస్తే మళ్ళీ రుద్దుతాం! అంతకన్నా ఆదివారం పొద్దున్న ఏం పనుంది మనకి?

అవునూ, ఆ హ్యాండిల్ కూడా వంకాయ రంగేగా? విప్పి ఇలా అందించండి.