పాత బంగారమా, పాత చింతకాయపచ్చడియా?

గడచిన వేసవి సెలవులలో హైదరాబాదునకు పోయియుండగా, రవీంద్రభారతిలో సురభివారు మాయాబజారు నాటక మాడుచున్నారని తెలిసి, అమ్మాయిని వెంటబెట్టుకొని పోయితిని. శాసనసభకు సమీపముననున్న ఆ నాట్యశాల 1961లో తెఱవబడినది.

తెర లేచెను. ఒక పరదా దిగినచో ద్వారక. అది లేచి మఱియొకటి దిగినచో ఘోరారణ్యము. నారదుడు మేఘములనుండి దిగివచ్చెను. బాణమును బాణము నడుమనే తాకి నిప్పులు గ్రక్కెను. కంటికి గానరాని తీగెలును, తెరవెనుక త్రాళ్లు లాగువారి నేర్పును తప్ప అందు వేఱు మాయ లేదు. శశిరేఖా పరిణయకథ వ్యాసభారతమున లేకున్నను, మన జనుల నోళ్లలో నది భారతకథయే యైనది.

“అమ్మా, ఇది పాత బంగారమే!” అని అమ్మాయి మురిసెను. వెనుక వరుసలోని యువకు డొకడు “పాత చింతకాయపచ్చడి” యని నవ్వెను. పాత నాటకములకు, పాత పాటలకు, పాత చిత్రములకు మనవారు పెట్టు పేర్లీ రెండే. మొదటిది ముద్దునకు, రెండవది ఎగతాళికి. 1957 నాటి మాయాబజారు చిత్రమును బంగారమనని వారు లేరు. 2010లో దానికి రంగులు కూడ అద్దిరి.

1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఈ నాటకసమాజము పుట్టినది. అంతకుముందు తోలుబొమ్మలాడించిన వనారస వంశీయులు దీనికి మూలపురుషులు. స్త్రీవేషములు పురుషులే వేయు ఆ దినములలో వీరు తమ యింటి ఆడువారిని ధైర్యముగా రంగమునకు దెచ్చిరి. నేటికిని ఆ కుటుంబములలో బిడ్డలు రంగముమీదనే పెరుగుదురు.

ఆట ముగిసిన పిమ్మట లోపలికి పోతిని. ముఖమున రంగు పూర్తిగా తుడుచుకొనకయే ఒకామె పరదా చుట్టుచుండెను. “మీ నాటకము బంగారమమ్మా” అంటిని. ఆమె నవ్వి, “అందరూ ఆ మాటే అంటారండీ. టిక్కెట్టు కొని వచ్చేవారే తక్కువ” అనెను. నాకు మాట రాలేదు.

బంగారమును మనమేమి చేయుదుము? పెట్టెలో పెట్టి తాళము వేసి, ఏ పెండ్లికో పైకి తీయుదుము. చింతకాయపచ్చడి సంగతి వేఱు. చలికాలమున ముదురు పచ్చికాయలు తెచ్చి, ఉప్పును పసుపును చేర్చి దంచి, మూడవనాడు గింజలును ఈనెలును తీసి జాడీ కెత్తుదుము. ఏడాది నిలిచినది జ్వరము పడి లేచినవారికిని బాలింతరాలికిని పథ్యము. అయితే వడ్డించునప్పుడెల్ల ఎండుమిరపకాయలు, మెంతులు, ఇంగువ వేయించి క్రొత్తగా నూఱవలెను. ఆ శ్రమ లేనిదే అది రుచింపదు.

సురభివారు చేయునదియు నిదియే. కథ పాతది, గొంతును చెమటయు ఏ రాత్రికారాత్రి క్రొత్తవి. ఆ యువకుడు వేళాకోళమున కన్నమాటయే నాకు తగినదిగా తోచినది. తిరిగివచ్చుచు అమ్మాయితో నీ మాటయే చెప్పితిని. “అయితే మళ్లీ ఎప్పుడు వద్దామమ్మా?” అని యడిగెను.

సోదరీమణులారా, మీ యూరికి సురభివారు వచ్చినప్పుడు బంగారమని మెచ్చి యింట కూర్చుండక, పిల్లలను దీసికొని టిక్కెట్టు కొని పొండు.