పరీక్షకు రాని నమ్మకం



అప్పు వద్దని ఇన్నేళ్లు మీకు బోధించిన మేమే, ఆసుపత్రి అవసరాలకు ఉంటుందని క్రెడిట్ కార్డు కోసం బ్యాంకుకు వెళ్లాం. "ఎప్పుడూ అప్పు చేయలేదండీ" అని గొప్పగానే చెప్పాం.

"అందుకే మీకు సిబిల్ స్కోరు లేదండీ. ఇవ్వలేం" అన్నారు.

చిన్నబోయాం. పరీక్షకే రానిదాన్ని మా నమ్మకత్వం అనుకున్నామని అప్పుడు తెలిసింది.

చివరికి రూ. 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, దాని హామీ మీద చిన్న కార్డు ఇచ్చారు. మందులకు, కరెంటు బిల్లుకు వాడి, గడువులోగా మొత్తం కట్టేస్తున్నాం. మినిమమ్ డ్యూ మాత్రమే కడితే మిగతాదాని మీద వడ్డీ పెరుగుతుంది. అప్పుడది ఉరే.

కొంచెంలో నమ్మకంగా ఉండడం గురించిన లూకా 16:10 మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. ఇప్పుడు నెలనెలా ఆ వాక్యమే మమ్మల్ని పరీక్షిస్తోంది. మా కోసం ప్రార్థించండి.